ఆదివారం వినిపించని మాట

హార్డర్‌వైక్,
1932 జనవరి 24, ఆదివారం

హిల్లేకి,

చర్చి నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా రాయడానికి కూర్చున్నాను. ఒకసారి లేచానంటే మళ్ళీ కలం పట్టనని నాకు తెలుసు. నా అక్షరాలు చూసి నవ్వుకుంటావు. నవ్వుకో. తల్లి పోయిన తొమ్మిదేళ్ళ పిల్లగా మా ఇంటికొచ్చి, పదిహేడేళ్ళకి పుస్తకాల మూట కట్టుకుని లైడెన్ వెళ్ళిపోయినదానివి. నీ దగ్గర నాకు సిగ్గేమిటి?

మీ అక్క ప్రాణానికి భయం లేదని టెలిగ్రాం ఇచ్చాను కదా, అది నిజమే. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. జావ మింగుతుంది. మనుషుల్ని గుర్తుపడుతుంది. పక్కింటి గేషే పొద్దున్నే వచ్చి ఒళ్ళు తుడిచి దుప్పట్లు మార్చి వెళుతోంది. ఆ మనిషి నోరు నీకు తెలుసుగా, దుప్పటి మార్చినంతసేపూ ఊళ్ళోవాళ్ళందర్నీ ఉతికి ఆరేస్తుంది. అయినా ఆమె లేకపోతే నా బతుకు ఏమయ్యేదో.

టెలిగ్రాంలో రాయనిది ఒకటుంది. ఆల్చేకి మాట పోయింది. మొత్తం పోయినా ఒక దారి. ఒక్క మాట మిగిలింది. బొకింగ్.

అంతే. "దాహంగా ఉందా?" అంటే "బొకింగ్". "ఎక్కడ నొప్పి?" అంటే "బొకింగ్". పాస్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసి ఆమెన్ అంటే, తిన్నగా ఆయన మొహంలోకి చూసి "బొకింగ్!" అంది. పాపం, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

బొకింగ్ అంటే పొగబెట్టిన హెర్రింగ్ చేపే కదా, అది కావాలంటోంది కాబోలు అనుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చేపలకి పొగబెట్టడం తప్ప ఏమీ చెయ్యని మొగుడి పెళ్ళాం ఇంకేం అడుగుతుంది? వేడి పొగలో పెట్టిన మెత్తటిది తెచ్చాను, మొహం తిప్పుకుంది. చల్లపొగలో వారం రోజులు ఆరిన గట్టిది తెచ్చాను, తిప్పుకుంది. కొవ్వు కారే లావుది తెచ్చాను. నా మొహం వైపు చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ అదే మాట.

నా నాలుక సంగతి నీకు తెలుసు. పొగ దాన్ని ఎప్పుడో తినేసింది, ఉప్పెక్కువైందో తక్కువైందో కూడా తెలియదు. రుచి చూసి చెప్పేది మీ అక్కే. ఇప్పుడు ఆమె వద్దంటోంది, ఎందుకు వద్దంటోందో చెప్పేవాళ్ళు లేరు.

అందుకని నిన్ను అడుగుతున్నాను. మాటలన్నిటికీ అర్థాలు రాసే ఆ పెద్ద పుస్తకాన్ని నువ్వే కదా రాస్తున్నావు. ఈ మాట ఎక్కడ పుట్టింది? చేప కాక దానికి ఇంకేమైనా అర్థం ఉందా? పాతకాలంలో ఆడవాళ్ళు దేనికైనా అనేవారా? చూసి వెంటనే రాయి. నువ్వే వస్తే ఇంకా మంచిది.

మీ బావ,
వోల్టర్

* * *

లైడెన్,
1932 జనవరి 30

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పాస్టరు గారి దగ్గర నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత ఏడ్చాను.

ముందు ఒక సంగతి. ఊళ్ళో నువ్వు ఏమని చెప్పుకు తిరుగుతున్నావో గానీ, ఆ నిఘంటువు నేను రాయడం లేదు. రాసేది గడ్డాలున్న పెద్దమనుషులు. నేను కార్డులు సర్దుతాను. దేశం నలుమూలల నుంచీ మాటలు కార్డుల మీద రాసి పంపిస్తారు. ప్రతి కార్డు అడుగునా ఒక గీత ఉంటుంది: ఎవరు అన్నారు, ఎవరితో, ఎప్పుడు. అది ఖాళీగా వదిలేసిన కార్డుని తిప్పి పంపించడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మేమిప్పుడు 'ఎస్' అక్షరం దగ్గర తచ్చాడుతున్నాం. నువ్వడిగిన మాట ఉన్న సంపుటం నేను చేరకముందే అచ్చయిపోయింది.

అయినా తోటి పనివాళ్ళ చేత ఆ పేజీ రాయించి తెప్పించుకున్నాను. ఆ మాట ఐదారు వందల ఏళ్ళ నాటి కాగితాల్లోనే ఉందట. పుట్టుక దగ్గర మాత్రం పెద్దలు కొట్టుకుంటున్నారు. పొగబెట్టిన చేప మేకపోతులా కంపు కొడుతుంది కనక మేకపోతు పేరే దానికి పెట్టారని ఒకాయన. కంపు కాదు, ఎండి మేకకొమ్ములా గట్టిపడుతుంది కనక అని ఇంకొకాయన. ఇద్దరూ చేప వాసన చూసినవాళ్ళలా లేరు. మొత్తానికి మేక దగ్గర ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంతకుమించి ఏమీ లేదు బావా. అక్క మనసులో ఉన్నది ఆ పేజీలో దొరుకుతుందని నేనూ ఆశపడ్డాను.

ఆఫీసులో పని తెమలడం లేదు. వీలు చూసుకుని వస్తాను. అక్క జుట్టు ఎడమవైపు పాపిడి తీయమని గేషేకి చెప్పు, కుడివైపు తీస్తే చిరాకుపడుతుంది.

నీ మరదలు,
హిల్లే

* * *

హార్డర్‌వైక్,
1932 ఫిబ్రవరి 14, ఆదివారం

హిల్లేకి,

నీ పెద్దమనుషుల గడ్డాలకి నిప్పు పెట్టాలి.

మేక అని రాశావు కదా. రెండు రోజులు ఆలోచించాను. పెళ్ళికి ముందు మీ నాన్న ఇంట్లో మేకలుండేవి, ఆల్చే వాటిని గట్టున మేపేది. మొదటిసారి ఆమెని చూసింది అక్కడే. ఎక్కడో లోపల అది గుర్తొచ్చి ఈ మాట అంటోందేమో అనిపించింది. గేషే దగ్గర ఒక మేక ఉంది. పోతు కాదు, ఆడదే. ఏదో ఒకటిలే అని అడిగాను.

"మతి గానీ పోయిందా వోల్టర్? పక్షవాతం వచ్చింది ఆవిడకా, నీకా?" అంది. అని, తనే తాడు పట్టుకుని తోలుకొచ్చింది.

మంచం పక్కన నిలబెట్టాం. ఆల్చే మేకని చూసింది, నన్ను చూసింది. నవ్వింది హిల్లే! సగం మొహంతోనే, కానీ నవ్వింది. జబ్బుపడ్డాక అదే మొదటిసారి. నేనూ నవ్వాను. ఈలోగా ఆ మేక కిటికీ తెర అంచు నమిలేసింది. గేషే తిడుతూ దాన్ని ఈడ్చుకుపోయింది. ఇటు తిరిగి చూసేసరికి ఆల్చే బాగున్న చేత్తో మొహం కప్పుకుని ఏడుస్తోంది. వేళ్ళ సందుల్లోంచి ఆ మాటే.

నీ పుస్తకాన్ని నమ్మినందుకు నాకు తగిన శాస్తే జరిగింది.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. ఐదు వారాలైంది. లైడెన్ నుంచి ఇక్కడికి ఎంత దూరం? నిన్ను కడుపున పుట్టినదానిలా పెంచింది. ఆమె కన్నా కార్డులు ఎక్కువయ్యాయా? "చెల్లెలు ఏదీ?" అని ఊళ్ళో అడుగుతుంటే పొగ పట్టిన మొహం కనక సరిపోయింది, లేకపోతే ఎర్రబడటం కనిపించేది.

ఈవేళ దేవుడి రోజు కనక నిప్పు వెయ్యలేదు. పొద్దున్నించీ ఆమె పక్కనే కూర్చుని వాక్యం చదువుతున్నాను. ఒక్కసారైనా ఆ మాట అనలేదు. పోయిన ఆదివారం కూడా అంతే. ఆదివారం పని మాట ఎత్తకూడదన్నది ఇంత జబ్బులోనూ మర్చిపోలేదు చూశావా. మీ అమ్మ పెంపకం అలాంటిది.

నాకొకటి తోచింది. నేనిప్పటిదాకా పెట్టినవన్నీ బయటి సముద్రం నుంచి ఉప్పులో వేసి రైల్లో వచ్చిన చేపలు. ఆమెకి కావలసింది మన సముద్రపు చేప అయ్యుంటుంది. మార్చిలో వస్తుంది. మే నెలకల్లా మన సముద్రం నోటికి అడ్డంగా కడుతున్న కట్ట పూర్తయి మూత పడుతుందట, ఇక బయటి నుంచి హెర్రింగ్ లోపలికి రాదు. ఇదే ఆఖరి పంట. అది ఆల్చేకి తెలుసు, అందుకే అడుగుతోంది.

రేపటి నుంచి పొగగది సిద్ధం చేస్తాను. ఇటుకలు కదిలాయి, కడ్డీలు తోమాలి, ఓక్ పొట్టు ఆరబెట్టాలి. మంచం దగ్గర కూర్చుంటే ఏమొస్తుంది? ఆమె అడిగింది తెచ్చి పెట్టాలి గానీ.

వోల్టర్

* * *

లైడెన్,
1932 ఫిబ్రవరి 17

బావా,

నువ్వు తిట్టినవన్నీ నాకు తగలవలసినవే, ఒక్కటి తప్ప. రాకూడదని రాలేదనుకోకు.

టెలిగ్రాం అందిన సోమవారం ఉదయం మొదటి రైలుకే బయల్దేరాను. మెట్ల మీద మంచు పేరుకుంది. స్టేషన్ దాకా కూడా చేరలేదు, కాలు రెండుచోట్ల విరిగింది. తొడ దాకా కట్టు వేశారు. ఈస్టర్ తర్వాత గానీ విప్పరు. ఆఫీసువాళ్ళు జాలిపడి కార్డుల పెట్టెలు గదికే పంపుతున్నారు. పక్కమీదే కూర్చుని సర్దుతున్నాను. నీకు ఉన్న బాధ చాలదా, ఇది కూడా ఎందుకని దాచాను. దాచి ఏం సాధించాను? నువ్వు నన్ను రాతిగుండెదాన్ని అనుకున్నావు, అక్క ఏమనుకుంటోందో ఆ దేవుడికే తెలియాలి. దయచేసి ఆమెకి చెప్పు. చెవి దగ్గర చెప్పు. హిల్లే బయల్దేరింది, పడిపోయింది అని.

మేక సంగతి చదివి, నవ్వించినదాన్నీ నేనే, ఏడిపించినదాన్నీ నేనే అని కుమిలిపోయాను. ఇంక నా పుస్తకాల్లోంచి ఏదీ రాయను.

మన సముద్రపు చేప అన్నావు చూడు, అది నిజమనిపిస్తోంది. మార్చి మొదటి చేప అంటే అక్కకి ప్రాణం కదా. అందరికన్నా ముందు తనే విరిచేది. బావా, అదే చెయ్యి. వేరే పనులన్నీ ఆపేయి. నువ్వు పొగగది వదలకు, ఇంట్లో పని గేషే చూసుకుంటుంది. ఎంత కష్టమైనా సరే ఆ మొదటి చేప అక్క చేతిలో పెట్టు. నాకు చేతనైంది ఇలా చెప్పడమొక్కటే.

హిల్లే

* * *

హార్డర్‌వైక్,
1932 మార్చి 20, ఆదివారం

హిల్లేకి,

కాలు విరిగినదాన్ని పట్టుకుని నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు. నువ్వు పడ్డ సంగతి మీ అక్క చెవిలో చెప్పాను. కళ్ళు మూసుకుని చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది.

బుధవారం చేప వచ్చింది. రేవులో ఒకప్పుడు పడవ పక్కన పడవ ఆనించి, వాటి మీద నుంచే అవతలికి నడిచేవాళ్ళం, నీకు గుర్తుందా? ఈసారి పద్నాలుగు పడవలు. వాటిలోనూ సగం మంది మొహాలు శవం ఇంటి నుంచి వచ్చినట్టున్నాయి. నాకు మాత్రం సంతోషంగా ఉంది. తళతళలాడుతున్న చేప, కడుపు నిండా గుడ్లు. నా చేత్తో నేనే ఏరి, కడిగి, కడ్డీలకి గుచ్చాను.

గురువారం నుంచి పొగగదిలోనే ఉన్నాను, తిండి కూడా అక్కడే. ఈ ఒక్కటి చెడితే మళ్ళీ లేదు కదా. గేషే నాలుగైదుసార్లు వచ్చింది.

"వోల్టర్, ఒక్కసారి లోపలికి రావయ్యా. పొద్దున్నించీ అదే అరుపు, గొంతు రాసుకుపోతోంది ఆవిడకి."

"అడుగుతున్నదే కదా చేస్తున్నాను! తయారయ్యాక తెస్తాను, ఓపిక పట్టమను."

"నువ్వే వచ్చి చెప్పు ఆ ముక్క."

"నిప్పు వదిలి ఎలా రమ్మంటావు?"

గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నానికి చేప బంగారు రంగు తిరిగింది. తలుపు జానెడు తెరిచి, అలవాటు చొప్పున "బొకింగ్!" అని ఇంటివైపు కేక పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, ఎవరొస్తారు, మతిమాలినవాణ్ణి. అప్పుడు ఇంట్లోంచి అదే కేక తిరిగొచ్చింది. "బొకింగ్!" ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు.

సరే, ఆత్రంగా ఉందనుకుని, ఉన్నవాటిలో మంచిది పళ్ళెంలో పెట్టుకుని పరుగెత్తాను. ఎడంచేత్తో ఒక్క తోపు తోసింది. పళ్ళెం ముక్కలైంది. చేప మంచం కిందికి పోయింది. నా చొక్కా చెయ్యి పట్టుకుంది. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందా అనుకున్నాను. ఇంకా పొగ చాలలేదు కాబోలు, ఒక చూపులోనే కనిపెట్టేసిందనుకున్నాను. ఇంకో గంట ఉంచితే సరిపోతుందేమో. వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుని మళ్ళీ నిప్పు దగ్గరికి పోయాను.

ఇంకో గంట కాదు, మూడు గంటలు ఉంచాను. అదీ ముట్టలేదు. హిల్లే, నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఇది కూడా ఆమెకి పనికిరాకపోతే నేనేం చెయ్యాలి? రేపు ఇంకో రెండు కడ్డీలు వేస్తాను. ఈసారి ఉప్పు తగ్గించి చూస్తాను.

మీ బావ

* * *

లైడెన్,
1932 మార్చి 23

బావా,

ఈ ఉత్తరం పొగగదిలో ఉండగా అందితే, అక్కడే ఆపేసి నిప్పు మీద నీళ్ళు పోసి ఇంట్లోకి వెళ్ళు. మిగతాది అక్క పక్కన కూర్చుని చదువు.

ఆమె చేప అడగడం లేదు.

ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఏమిటి? ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో రాయని కార్డుని తిప్పి పంపించడం. మా అక్క దగ్గర ఒక్క మాట మిగిలితే, దాని గురించి ఆ మూడూ నేను అడగలేదు. మేకలంటూ, కొమ్ములంటూ నీకు రాశాను. నీ ఉత్తరంలో ఆ కేక సంగతి చదివాక గానీ నాకు తట్టలేదు.

పొగగది పైన అటక మీద పడుకునేదాన్ని కదా, ఎనిమిదేళ్ళు విన్నాను. ఆఖరి గంటలో నిప్పు వదిలి నువ్వు కదలకూడదు, భగ్గుమంటే చేపంతా మాడిపోతుంది. తలుపు జానెడు తెరిచి "బొకింగ్!" అని కేక పెట్టేవాడివి. అక్క చేతిలో ఏది ఉంటే అది అక్కడ పడేసి వచ్చేది. పిండి చేతులతో వచ్చేది, సగం జడతో వచ్చేది. మొదటి చేప తీసి విరిచి, ముల్లు చూసి, నోట్లో వేసుకునేది. "దించనా, ఉంచనా?" అని నువ్వడిగేవాడివి. ఆమె చెప్పేది. ఆ తర్వాత ఇద్దరూ ఆ గడప మీదే కాసేపు కూర్చునేవారు. రోజు మొత్తంలో మీరిద్దరూ కూర్చోగా నేను చూసింది అప్పుడే. అటక చెక్కల సందులోంచి చూసి, వీళ్ళు ఏం మాట్లాడుకోకుండా ఎలా కూర్చుంటారబ్బా అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో నువ్వు అక్కని పేరు పెట్టి పిలవగా నేను ఎప్పుడు విన్నాను? ఆ కేకే ఆమెని పిలిచే పిలుపు. అన్నది నువ్వు కనక నీకు అది చేప పేరు. విన్నది ఆమె. ముప్ఫై ఒక్క ఏళ్ళు వింది. ఇప్పుడు తను లేచి రాలేదు, అందుకని నిన్ను రమ్మంటోంది.

ఆదివారాలు ఎందుకు అనలేదో చూడు. దేవుడి భయం కాదు. ఆదివారం నువ్వు నిప్పు దగ్గరికి పోకుండా పక్కనే ఉన్నావు.

ఆమె పిలిచిన ప్రతిసారీ నువ్వు లేచి పొగగదికి పోయావు. పొగగది వదలకు అని రాసినదాన్ని నేను. ఆ ఉత్తరం చింపెయ్యి. నన్ను ఏమన్నా అను. ఈస్టర్ తర్వాత కట్టు విప్పగానే వస్తాను. ఈలోగా నువ్వు ఆ మంచం దగ్గర నుంచి లేవకు.

హిల్లే

* * *

హార్డర్‌వైక్,
1932 మార్చి 27, ఈస్టర్ ఆదివారం

హిల్లేకి,

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది.

మంగళవారం ఆమెకి పక్షవాతం రెండోసారి వచ్చింది. నేను పొగగదిలోనే ఉన్నాను. పొద్దున్నించీ వినిపిస్తున్న కేక ఆగిపోతే, నిద్రపట్టింది కాబోలు, మంచిదేలే అనుకున్నాను. గేషే పరుగెత్తుకొచ్చి పిలిస్తే గానీ తెలియలేదు. డాక్టర్ చూసి వెళ్ళాడు. ప్రాణం ఉంది. చూపు ఉంది. ఆ ఒక్క మాటా పోయింది.

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే ఆమె పక్కన కూర్చుని చదివాను. సగంలో అక్షరాలు కనబడలేదు. గేషే తీసుకుని మిగతాది పైకి చదివింది. చదివి, తిట్టడానికి ఏమీ దొరక్క కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నిన్ను ఏమీ అనను. పుస్తకంలో లేనిది నువ్వు మాత్రం ఎక్కణ్ణించి తెస్తావు? నా నోట్లోంచి వచ్చే మాట అది. దాన్ని పట్టుకుని నీకు ఉత్తరాలు రాశాను, మేకని తెచ్చాను. ఆ శనివారం ఆమె నా చొక్కా పట్టుకుంటే వేళ్ళు విడిపించుకున్నాను. ఎన్ని వేళ్ళో కూడా గుర్తుంది. నాలుగు. బొటనవేలు దానంతట అదే వదిలేసింది.

నిన్న పొగగదిలో మిగిలిన చేపలన్నీ గేషే ఊళ్ళో పంచేసింది. రుచి ఎలా ఉందని నేను అడగలేదు.

ఈవేళ చర్చికి కూడా వెళ్ళలేదు. గంటలు మోగుతుంటే ఆమె కళ్ళు తెరిచి పైకప్పు చూస్తోంది. పేరు పెట్టి పిలిచాను. ఆల్చే, ఆల్చే అని రెండుసార్లు. ఇటు తిరగలేదు. ఆ పిలుపు నా నోటికీ కొత్తే, ఆమె చెవికీ కొత్తే. అప్పుడు లేచి వెళ్ళి గది తలుపు జానెడు తెరిచి, అక్కడ నిలబడి కేక పెట్టాను. ఆదివారమైతే ఏం, దేవుడు ఏమనుకుంటే అనుకోనీ అనుకున్నాను.

తల తిప్పింది, హిల్లే. తిన్నగా నా వైపు చూసింది. దుప్పటి మీద ఉన్న ఎడంచేతి వేళ్ళు మూడు దగ్గరికి వచ్చి, మెల్లిగా దేన్నో విరిచాయి. చేప విరిచినట్టే.

వచ్చి పక్కన కూర్చుని, "దించనా, ఉంచనా?" అని అడిగాను.

నా మొహం వైపే చూస్తోంది. చెప్పడం లేదు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

వోల్టర్